పాట వాళ్లది, పెట్టె మనది: పాటలు వినేవాళ్ల కోసం ఒక చిన్న యాప్ కట్టుకునే విధానం

కందుకూరు పక్కన మా మామయ్యకు పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడికి ఆరబెట్టే గది, ఉంది. ఆకు ఎక్కించాక అయిదారు రోజులు పొయ్యి దగ్గరే కాపలా. ఆకు పసుపు తిరిగేదాకా వేడి ఒక లెక్క, ఈనె ఎండేటప్పుడు ఇంకో లెక్క. రాత్రి రెండింటికి కునుకు పట్టిందంటే కష్టమంతా పొయ్యిలో పోసినట్టే. ఆ మెలకువకు తోడు పాటలే. ఒకప్పుడు కావలి ట్రంకు రోడ్డులో సెల్లు షాపుకు పోయి చిప్పులో పాటలు ఎక్కించుకుని వచ్చేవాడు. షాపబ్బాయికి సినిమా పేరు సగం చెబితే చాలు, మిగతా సగం వాడే అందుకునేవాడు. ఇప్పుడు చిప్పూ లేదు, షాపబ్బాయీ లేడు. సిమ్ము ప్లానుతో పాటు వచ్చిన పాటల యాప్ ఒకటుంది.

ఒకరోజు నేను ఆయనకొక పాట లింకు వాట్సాప్‌లో పంపాను. తెల్లారి ఫోను. "ఏమల్లుడూ, నువ్వు పంపింది నొక్కితే ఇంకేందో యాప్ ఎక్కించుకోమంటా ఉంది. పేరు చెప్పరాదా, నేనే ఎతుక్కుంటా" అన్నాడు. పేరు చెప్పాను. వెతికాడు, దొరకలేదు. పాట ఆయన యాప్‌లోనూ ఉంది. ఆయన కొట్టిన ఇంగ్లీషు స్పెల్లింగు వేరు, అక్కడ రాసి పెట్టిన స్పెల్లింగు వేరు, అంతే.

నా యాప్ ఆలోచన అక్కడ మొదలైంది. ఇది పాటలు వాయించే యాప్ కాదు. మీరు ఎక్కడ విన్నా, అవతలివాళ్లు ఎక్కడ విన్నా, పాట గుర్తును అటూ ఇటూ మోసుకుపోయేది, మీ పాటల పట్టికను మీ దగ్గరే ఉంచేది. కావలిలో కూర్చుని, ఉద్యోగం చేసుకుంటూ, ఒక్కరు కట్టగలిగినంత పని. ప్రోగ్రామింగ్ కాస్త తెలిసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటి మూడు అడుగులకు మాత్రం కంప్యూటర్ తెరవాల్సిన పని కూడా లేదు.

అడుగు 1: ముందు మనుషుల దగ్గరకు వెళ్లండి

"ఇట్టాంటి యాప్ చేస్తే వాడతారా?" అని అడగకండి. మనవాళ్లు మొహమాటానికి "ఎందుకు వాడం, బ్రహ్మాండంగా ఉంటది" అంటారు. ఆ మాట నమ్మి ఆరు నెలలు పని చేస్తే తర్వాత ఎక్కించుకునేవాళ్లు మీ తమ్ముడూ మీరే. "కావాల్సిన పాట చివరిసారి ఎప్పుడు దొరకలేదు? అప్పుడు ఏం చేశారు?" అని అడగండి. ఫోను చేతికిమ్మని, ఆ పాటను మళ్లీ మీ ముందే వెతకమనండి. మధ్యలో సాయం చెయ్యకండి. నోరు మూసుకుని చూడడమే ఈ అడుగులో అన్నిటికన్నా కష్టం.

పది మంది చాలు, కానీ పది మందీ ఒకే రకం వాళ్లు కాకూడదు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో వింటాడు. చీమకుర్తిలో గ్రానైటు పాలిష్ పట్టే చోట పని చేసేవాళ్లకు పాట ఆగిపోయినా చేతులు ఖాళీ ఉండవు, తెర మీద నొక్కే తీరిక ఉండదు. ఒంగోలు నుంచి నెల్లూరు పోయే బస్సులో విద్యార్థులు ఒక జత ఇయర్‌ఫోన్లు ఇద్దరు పంచుకుంటారు. పాట బాగుంటే అక్కడికక్కడే పక్కవాడికి పంపాలి. ఇంట్లో అమ్మలు ఉదయం సుప్రభాతం దగ్గర మొదలుపెట్టి వంటయ్యేసరికి పాత సినిమా పాటల్లో తేలతారు.

నేను మాట్లాడినవాళ్లలో ఎవరూ ఇంకో ప్లేయర్ కావాలని అడగలేదు. రెండే బాధలు మళ్లీ మళ్లీ వినపడ్డాయి. పంపిన లింకు తెరుచుకోదు. ఏళ్లుగా పోగేసిన పాటల పట్టిక యాప్ మారితే పోతుంది. రెండోది ఉత్త భయం కాదు. రెస్సో అనే పాటల యాప్ మన దేశంలో 2024 జనవరి 31న మూతపడింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను ఆపేసింది. పాటలు వేరే చోట దొరుకుతాయి. ఏ పాట తర్వాత ఏ పాట పెట్టుకున్నామో, ఆ వరస ఎవరి దగ్గరుంటుంది?

అడుగు 2: ఏం చెయ్యకూడదో ముందే రాసి పెట్టుకోండి

ఇది తొందరగా చెప్పేస్తాను, కానీ దీన్ని దాటేసి మాత్రం పోకండి. మన యాప్ పాటను వాయించదు, దించుకోనివ్వదు, సాహిత్యం చూపించదు.

మొదటి రెండిటికీ కారణం అందరికీ తెలిసిందే. మూడో దాని దగ్గరే చాలామంది జారిపడతారు. "పాత పాటే కదా, సాహిత్యం పెడితే ఎవరడుగుతారు" అనుకుంటారు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రికార్డింగు హక్కు పాట విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. సాహిత్యం లెక్క వేరు: రాసిన కవి పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. అప్పటి నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆచార్య ఆత్రేయనే తీసుకోండి. ఆయన 1989లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాసిన మాటల మీద హక్కు 2049 చివరి దాకా ఉంటుంది. అంటే 1960ల మొదట్లో వచ్చిన పాటకు రికార్డు హక్కు తీరిపోయి ఉండొచ్చు, పాటలోని మాటకు మాత్రం ఇంకా ఒక యజమాని ఉంటాడు. ఒక పాటలో రికార్డు, బాణీ, మాట అని మూడు ఆస్తులున్నాయని గుర్తు పెట్టుకుంటే తప్పు జరగదు.

పాట పేరు, సినిమా పేరు, పాడినవాళ్లు, నిడివి, లింకు. మన పెట్టెలో, అంటే పాటల పట్టికలో, పెట్టేది ఇంతే.

అడుగు 3: కాగితం మీద యాప్

ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్క ఒక్కో ఫోను తెర. నాకు మూడు తెరలు సరిపోయాయి. మొదటిది, లింకు పడగానే వచ్చే పాట చీటీ: పేరు, సినిమా, గాయకులు, కింద "నా యాప్‌లో విను", "పెట్టెలో పెట్టు", "పంపు" అని మూడు మీటలు. రెండోది పెట్టె. మూడోది "మీరు పాటలు ఎక్కడ వింటారు?" అని ఒక్కసారే అడిగే తెర.

పెట్టె అనే పేరు కూడా కాగితం దగ్గరే పుట్టింది. మొదట నేను "చిట్టా" అని రాసుకున్నాను, భలే పేరు పెట్టానని మురిసిపోయాను కూడా. మామయ్య ఆ ముక్క చేతిలోకి తీసుకుని "ఎవురి అప్పులు అల్లుడూ ఇవి?" అన్నాడు. బేరగాళ్లకు చిట్టా అంటే బాకీలే. పాటల పెట్టె అంటే వెంటనే అర్థమైంది. "ప్లేలిస్ట్" అనే మాట కుర్రాళ్లకు తెలుసు, యాభై దాటినవాళ్లు దాన్ని చూసి పక్కకు జరుగుతారు. కాగితం మీద పేరు మార్చడానికి రబ్బరు చాలు. అదే యాప్ విడుదలయ్యాక అయితే తెరలూ బొమ్మలూ అన్నీ మళ్లీ దిద్దుకోవాలి.

ఇంకోటి గమనించాను. వేలు ఎటు పోతుందో చూడండి. పొయ్యి దగ్గర పనిచేసే చేతికి బూడిద ఉంటుంది, బొటనవేలితోనే నొక్కుతారు. తెర పై మూలన పెట్టిన మీటలు వాళ్లకు లేనట్టే. అన్నీ కింద సగంలోకి దించాను.

అడుగు 4: పాట వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక కంప్యూటర్ తెరవొచ్చు. ముందు ఒక చేదు నిజం. ఒంటరిగా పనిచేసేవాళ్లకు పెద్ద పాటల సేవలు తలుపు పూర్తిగా తెరవవు. స్పాటిఫై 2024 నవంబరు 27న కొత్త యాప్‌లకు సిఫార్సులు, పాట లక్షణాల వంటి కొన్ని సమాచారాలు ఇవ్వడం ఆపింది. 2025 మే నుంచి విస్తృత అనుమతి కావాలంటే నమోదైన సంస్థ అయి ఉండాలి, నెలకు 2,50,000 మంది వాడకందారులు ఉండాలి అని గీత గీసింది. మనకు అది అందని మాట. కొన్ని దేశీ సేవలకు ఎవరో లోపలి దారి కనిపెట్టి నెట్‌లో పెట్టిన అనధికార ఏపీఐలు (ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని సమాచారం అడిగే దారులు) దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. నిబంధనలకు విరుద్ధం, పైగా ఏ రోజు ఆగిపోతాయో తెలియదు. ఇసుక మీద గోడ.

అయినా దారులున్నాయి. నేను వాడినవి ఇవి.

షేర్ చేసినప్పుడు వచ్చే వాక్యం. చాలా యాప్‌లు లింకుతో పాటు పాట పేరు కూడా ఒక వాక్యంలో పంపుతాయి. దాన్ని పారేసి లింకు ఒక్కటే తీసుకోవడం తెలివితక్కువ పని. సగం సమాచారం అందులోనే ఉంటుంది.

ఓఎంబెడ్. లింకు ఇస్తే పేరు, బొమ్మ తిరిగిచ్చే బహిరంగ చిరునామా ఇది. స్పాటిఫైకీ, యూట్యూబ్‌కీ ఉంది, తాళంచెవి (నమోదు చేసుకుంటే ఇచ్చే రహస్య సంకేతం) అక్కర్లేదు. స్పాటిఫై వైపు నుంచి పాట పేరు వస్తుంది, యూట్యూబ్ వైపు నుంచి వీడియో పేరుతో పాటు ఛానల్ పేరు వస్తుంది.

ఆపిల్ వారి ఐట్యూన్స్ వెతుకులాట ఏపీఐ. ఉచితం, తాళంచెవి అక్కర్లేదు, నిమిషానికి సుమారు 20 సార్లు అడగొచ్చు. దేశం భారత్ అని చెప్పి అడిగితే పాట పేరు, ఆల్బమ్, కళాకారులు, నిడివి మిల్లీసెకన్లలో సహా ఇస్తుంది. ఆ నిడివి మనకు బంగారం. ఎందుకో తర్వాతి అడుగులో చెబుతాను.

మ్యూజిక్‌బ్రెయిన్జ్. అందరూ కలిసి నింపే సంగీత సమాచార భాండాగారం. సెకనుకు ఒక్కసారి మించి అడగకూడదు. అడిగేది ఏ యాప్ అన్నది ప్రతిసారీ పేరు చెప్పుకోవాలి. తెలుగు పాటలు అక్కడ ఇంకా పలుచగానే ఉన్నాయి. ఓపిక ఉంటే ఆదివారాలు కూర్చుని మనమే కొన్ని చేర్చొచ్చు.

యూట్యూబ్ డేటా ఏపీఐ కూడా ఉంది. రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు కదా అని సంబరపడకండి. ఒక్క వెతుకులాటకు 100 యూనిట్లు పట్టే లెక్కన రోజుకు నూరు పాటలకే అయిపోతాయి. పెళ్లి ఊరేగింపులో ఒక గంటకు కూడా చాలదు.

ఇక్కడే ఐఎస్ఆర్‌సీ గురించి ఒక మాట. ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి రెండక్షరాలు దేశం, తర్వాత మూడు నమోదు చేసినవారు, రెండంకెలు ఏడాది, చివరి అయిదంకెలు వరస. రెండు చోట్ల ఇదే సంఖ్య కనిపిస్తే అదే పాట, వాదన లేదు. కానీ దీన్ని దేవుడి మాటగా తీసుకోకండి. ఈ పద్ధతి ప్రమాణంగా వచ్చిందే 1986లో. అంతకుముందు పాటలకు డిజిటల్‌లోకి మార్చిన తర్వాత సంఖ్య ఇచ్చారు. అందుకే ఘంటసాల పాట సంఖ్యలో 2000ల నాటి ఏడాది కనపడితే కంగారు పడొద్దు. అది సంఖ్య ఇచ్చిన ఏడాది, పాట పుట్టిన ఏడాది కాదు. ఒకే రికార్డింగు రెండు మూడు హిట్స్ సంకలనాల్లోకి ఎక్కి రెండు మూడు సంఖ్యలు మోయడమూ ఉంది. సంఖ్య కలిస్తే నమ్మండి, కలవకపోతే వేరే పాట అని తేల్చెయ్యకండి.

అడుగు 5: ఇది అదే పాటా?

యాప్ మొత్తానికి గుండెకాయ ఇదే. నాకు మూడు నెలల్లో రెండు నెలలు ఇక్కడే పోయాయి.

మొదటి చిక్కు పేర్లు. మన నెల్లూరు బాలు పేరే చూడండి. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో కంచి పీఠానికి అప్పగించి, అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆయన పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్క పెట్టబోయి మధ్యలో మానేశాను. ఎస్, పి తర్వాత చుక్కలు ఉండేవి, లేనివి, మధ్య ఖాళీ ఉండేవి. "బ్రహ్మ"లో హెచ్ ఉండేవి, ఎగిరిపోయినవి. చివర "ణ్యం" అనేవి, "నియం" అనేవి. ఉత్త ఎస్పీబీ. ఉత్త బాలు. యంత్రానికి ఇవన్నీ వేరువేరు మనుషులు. దీనికి సూత్రాలు పనిచెయ్యవు. ముఖ్యమైన ఒక వంద మంది గాయకులకు, సంగీత దర్శకులకు చేత్తో మారుపేర్ల పట్టిక రాసుకోవాలి. విసుగే, కానీ రెండు సాయంత్రాల పని.

ఇంకో ఉచ్చు: కళాకారుడు అనే గడిలో ఒక సేవ సంగీత దర్శకుడిని ముందు పెడుతుంది, ఇంకోటి గాయకుడిని. మొదటి పేరు ఒక్కటే పోల్చి చూస్తే పాటలు పొరపాటున విడిపోతాయి. పేర్లన్నీ ఒక గంపలో వేసి, ఎన్ని కలిశాయో చూడండి.

రెండో చిక్కు పాట పేర్ల స్పెల్లింగు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడానికి మనకు చట్టమేమీ లేదు, ఎవరి చెవి వారిది. అందుకని పోల్చే ముందు రెండు పేర్లనూ ఒకే జల్లెడలో పొయ్యాలి. నా జల్లెడ ఇట్లా ఉంటుంది. అన్నీ చిన్న అక్షరాలు చెయ్యాలి. చుక్కలు, గీతలు, బ్రాకెట్లు తీసెయ్యాలి. టి, డి, బి, కె, జి, పి, ఎస్ వెనకాల వచ్చే హెచ్‌ను తీసెయ్యాలి. సి పక్కన హెచ్‌ను మాత్రం తాకొద్దు, లేకపోతే "చ" కాస్తా "క" అవుతుంది. జంట ఏ ఒంటి ఏ అవుతుంది, జంట ఈ ఐ అవుతుంది, జంట ఓ యు అవుతుంది. డబుల్యూ కనిపిస్తే వి. ఎక్స్ కనిపిస్తే కె, ఎస్. ఒకే హల్లు రెండుసార్లు వస్తే ఒక్కటి ఉంచాలి. చివర్లో మిగిలిన ఖాళీలన్నీ తీసెయ్యాలి. ఎందుకంటే మనవాళ్లు రెండు మాటలను కలిపీ రాస్తారు, విడదీసీ రాస్తారు, సంధి చేసిన చోట మరీను.

ఇంత చేశాక "వాన", "వన" ఒకటైపోతాయి. "మల్లి", "మళ్లీ" ఒకటైపోతాయి. అవ్వనివ్వండి. జల్లెడ పని పనికిరానివి పడెయ్యడం, పెళ్లికొడుకును ఎంచడం కాదు. జల్లెడ దాటిన వాటి మధ్య ఎన్నక్షరాలు తేడా ఉందో లెవెన్‌స్టైన్ దూరంతో కొలవండి. ఆ లెక్క చేసే లైబ్రరీ ప్రతి భాషలోనూ తయారుగా ఉంది, సొంతంగా రాయాల్సిన పని లేదు.

పాట పేరు తెలుగు లిపిలోనే వస్తే పని సులువనుకున్నాను. అక్కడా మెలికలున్నాయి. ఐత్వం కంప్యూటర్‌లో ఒక గుర్తుగానూ నిలవొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు తగిలించి రెండుగానూ నిలవొచ్చు. కంటికి రెండూ ఒకటే. అందుకని ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతిలో ముందు అన్నిటినీ ఒక రూపానికి తేవాలి. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా పెట్టే కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, "ఫోన్‌లో" అన్న మాట మధ్యలో ఉన్నట్టుగా. పోల్చేటప్పుడు దాన్ని తీసెయ్యాలి. నేను ఒక రాత్రంతా "రెండూ ఒకటే కదరా, ఎందుకు కలవవు" అని తెర మీద తిట్టుకున్నది ఈ కనపడని గుర్తు కోసమే.

మూడో చిక్కు కొంచెం దొంగది. డబ్బింగ్ పాటలు. నెల్లూరు వాళ్లకు మద్రాసు దగ్గర, తమిళ పాటలు వినే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అదే బాణీ, అదే నిడివి, చాలాసార్లు అదే గాయకుడు, ఈ మధ్య అయితే సినిమా పేరు కూడా అదే. సెకన్లు చూసి మురిసిపోయి తెలుగు పాట అడిగినవాళ్లకు తమిళం అంటగడతాం. భాష అనే గడి తప్పక పెట్టండి. ఆల్బమ్ పేరు చివర భాష రాశారేమో చూడండి. ఏమీ తెలియకపోతే అడగండి. ఇదే బాపతులో కరోకే, లో-ఫై, నెమ్మది చేసిన రకాలు, కవర్లు వస్తాయి. పేరులో ఆ మాటలు ఒకవైపే ఉంటే మార్కులు బాగా కొయ్యండి.

మార్కుల మాటొచ్చింది కాబట్టి నా లెక్క చెబుతాను. మొత్తం 100. పాట పేరుకు 40, సినిమా పేరుకు 20, కళాకారులకు 20, నిడివికి 20. నిడివిలో రెండు సెకన్ల లోపు తేడా ఉంటే పూర్తి మార్కులు, అయిదు సెకన్ల లోపు సగం, ఆపైన సున్నా. సినిమాలో వచ్చే పాటకూ, ఆడియోలో వచ్చే పాటకూ నిడివి తేడా ఉంటుంది కాబట్టి ఇరవైకి మించి ఇవ్వలేదు. 85 దాటితే అడగకుండా తెరిచెయ్యి. 60కీ 85కీ మధ్య అయితే "ఇదేనా?" అని రెండు మూడు చీటీలు చూపించు. 60 లోపు అయితే "దొరకలేదు" అని ఒప్పుకో.

ఈ చివరి మాట దగ్గర నేను గట్టిగా ఉంటాను. దొరకలేదంటే మనిషి సర్దుకుంటాడు. వేరే పాట మోగితే మళ్లీ ఆ యాప్ తెరవడు. మా మామయ్య అయితే ఫోను చేసి మరీ చెబుతాడు, అదింకో శిక్ష.

ఈ అంకెలు నావి, మీవి వేరే రావొచ్చు. తేల్చుకోవడానికి ఒక పరీక్ష పట్టిక చేసుకోండి. వంద పాటలు: ముప్పై నలుపు-తెలుపు కాలానివి, ముప్పై 1980, 90లవి, ఇరవై కొత్తవి, పది భక్తి పాటలు, పది జానపదాలు. ఒక్కోదానికి రెండు సేవల్లోని లింకులు చేత్తో వెతికి పక్కపక్కన రాసుకోండి. జల్లెడలో ఒక్క సూత్రం మార్చినా మొత్తం వంద మీద నడిపి, ఎన్ని సరిగా కలిశాయో, ఎన్ని తప్పుగా కలిశాయో విడిగా చూడండి. తప్పు కలయికలు తగ్గడం ముఖ్యం. భక్తి పాటలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. ఒకే కీర్తన యాభై మంది పాడి ఉంటారు, పేరు అదే, రాగం అదే. త్యాగరాజస్వామి పూర్వీకులది మా పడమటి సీమలో ఉన్న కాకర్ల ఊరేనని గర్వంగా చెప్పుకుంటాం కానీ, ఆయన కీర్తనల దగ్గర పాట పేరుకు నలభై మార్కులివ్వడం శుద్ధ దండగ. అక్కడ లెక్క తిరగేసి పాడినవాళ్లకే నలభై ఇచ్చాను.

అడుగు 6: కట్టడం

ఇక్కడ చెప్పేది తక్కువే. యాప్ రాసే పనిముట్లలో ఫ్లట్టర్ వస్తే ఫ్లట్టర్, కాట్లిన్ వస్తే కాట్లిన్. మీకు చేతికి అలవాటైంది వాడండి, కొత్తది నేర్చుకోవడానికి ఇది సమయం కాదు. మన చుట్టుపక్కల చేతుల్లో ఎక్కువగా ఉన్నది ఆండ్రాయిడే, అక్కడ మొదలుపెట్టండి.

వేరే యాప్‌లో "షేర్" నొక్కగానే వచ్చే వరసలో మన యాప్ కనిపించాలి. అది కనిపించకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే. మ్యానిఫెస్టులో (యాప్ ఏమేం చెయ్యగలదో ఆండ్రాయిడ్‌కు చెప్పే ఫైలు) అక్షరాలు అందుకునే ఇంటెంట్ (ఒక యాప్ ఇంకో యాప్‌ను పిలిచే పిలుపు) నమోదు చేస్తే సరి. అవతలి యాప్‌లో పాట తెరవడానికి నేరుగా లింకు దొరికితే మంచిది. దొరకకపోతే ఆండ్రాయిడ్‌లో "ఈ పేరుతో వెతికి వాయించు" అనే ఇంటెంట్ ఉంది, చాలా పాటల యాప్‌లు దానికి పలుకుతాయి. అదీ పలకకపోతే సరిచేసిన స్పెల్లింగుతో పాట పేరును కాపీ చేసి, ఆ యాప్ తెరిచి వదిలెయ్యండి. అతికించుకుని వెతుక్కుంటారు. మామయ్య అసలు బాధ దీంతోనే సగం తీరింది.

పెట్టె మొత్తం ఫోనులోనే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో ఉండాలి. సర్వరు మొదట్లో వద్దే వద్దు. పొలాల మధ్య సిగ్నలు ఒక గీత ఉంటుంది, అదీ చెట్టు కింద నిలబడితే. నెట్ లేనప్పుడు వచ్చిన లింకును చీటీగా దాచి, నెట్ రాగానే వివరం తెచ్చుకునేట్టు చెయ్యండి. ఒకసారి తెచ్చిన వివరం మళ్లీ అడగొద్దు. సెకనుకు ఒకటి, నిమిషానికి ఇరవై అన్న హద్దులు ఈ దాపుతోనే సరిపోతాయి. మారుపేర్ల పట్టికను కూడా యాప్ లోపలే పెట్టి పంపండి, అది కొన్ని కిలోబైట్లే.

అడుగు 7: అనుమతులు

కాంటాక్టులు అడగొద్దు, లొకేషన్ అడగొద్దు, లాగిన్ వద్దు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలి. ఇంటర్ పిల్లలు వాడే యాప్‌కు అది చిన్న భారం కాదు. ఏమీ తీసుకోకపోతే ఆ తలనొప్పే లేదు. "ఎవరు ఏం వింటున్నారో తెలిస్తే ప్రకటనలు అమ్ముకోవచ్చు కదా" అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. టీ తాగించి పంపించాను.

అడుగు 8: పన్నెండు మంది, పద్నాలుగు రోజులు

ప్లే స్టోరులో ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారే కట్టాలి. ఆపిల్ వైపు ఏటా 99 డాలర్లు. అందుకే అది తర్వాత చూద్దాం అన్నది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే నేరుగా విడుదల చెయ్యనివ్వరు. కనీసం 12 మంది వరసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. మొదట్లో ఇది 20 మంది, తర్వాత తగ్గించారు.

చాలామంది దీన్ని గండంగా చూసి, డబ్బులిచ్చి పరీక్షకులను తెచ్చుకుంటారు. నాకు ఇది వరంగా తోచింది. మొదటి అడుగులో మాట్లాడిన పది మంది ఉన్నారు కదా, వాళ్లే. ఇంకో ఇద్దరిని కలిపితే పన్నెండు. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే లెక్క చెడుతుంది కాబట్టి పదిహేను మందిని పెట్టుకోండి. వాళ్లందరికీ జీమెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ గుర్తున్నాయా అన్నది ముందే చూసుకోండి. నాకు రెండు రోజులు ఇందులోనే పోయాయి. ఒకాయన ఫోను ఆయన కొడుకు ఖాతాతో నడుస్తోంది, కొడుకు బెంగళూరులో.

ఆ పద్నాలుగు రోజులూ ఒక వాట్సాప్ గుంపు పెట్టి, రోజుకొక పాట పంపండి, అందరూ మన యాప్‌తోనే తెరవాలి. "దొరకలేదు", "వేరేది మోగింది" అని రెండే మాటలతో జవాబు చెప్పమనండి. వివరంగా రాయమంటే ఎవరూ రాయరు. గొంతు సందేశాలు వద్దనకండి. రొయ్యల చెరువు కుర్రాడు పంపిన గొంతు సందేశాల్లోనే నాకు అన్నిటికన్నా పనికొచ్చే తప్పులు దొరికాయి. "అన్నా, వాన పాట నొక్కితే అడివి పాట వచ్చిందన్నా" అన్నాడు. వాన, వన. జల్లెడ దాటినవాటికి నిడివి తెలియకపోతే ఆ ఇరవైలో సున్నానే ఇవ్వాలన్న నియమం ఆ రోజు చేరింది.

అడుగు 9: మన యాప్ కూడా ఒకరోజు మూతపడుతుంది

దీని మీద సంపాదన గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సర్వరు లేదు కాబట్టి ఖర్చూ పెద్దగా లేదు. ఖర్చు పెరిగే రోజు వస్తే, పెట్టెను రెండు ఫోన్ల మధ్య కలిపి ఉంచే సౌకర్యానికి చిన్న మొత్తం అడగొచ్చు. నేనింకా అడగలేదు.

దానికంటే ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది. మీకు ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, ఓపిక పోతుంది. గూగుల్ కొత్త నిబంధన పెడుతుంది, మీరు సరిచెయ్యరు. అప్పుడు పెట్టెలో పాటలు దాచుకున్నవాళ్ల గతేమిటి? మూతపడిన యాప్‌ల గురించి మొదట్లో ఏడ్చిన మనమే ఆ పని చెయ్యకూడదు కదా. అందుకని మొదటి విడుదలలోనే "బయటికి తీసుకో" అన్న మీట ఉండాలి. నొక్కితే పెట్టె మొత్తం సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా వస్తుంది: పాట, సినిమా, పాడినవారు, నిడివి, తెలిసిన లింకులన్నీ. ఫైలులో అక్షరాలు యూటీఎఫ్-8 అనే పద్ధతిలోనే ఉండాలి, మొదట్లో బీవోఎం అనే గుర్తు కూడా పెట్టండి. లేకపోతే ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగంతా కాకరబీకరగా కనిపిస్తుంది, ఫైలు చెడిపోయిందనుకుని తీసేస్తారు. అదే ఫైలును తిరిగి లోపలికి తీసుకునే దారీ ఉండాలి. మొదటి నెలలో మీరే ఒకసారి యాప్ తీసేసి, మళ్లీ ఎక్కించి, ఆ ఫైలుతో పెట్టె నింపి చూడండి. వరసతో సహా వచ్చిందా?

మామయ్య ఆ మీటను ఇంకో రకంగా వాడాడు. కందుకూరులో జిరాక్సు షాపులో ఆ ఫైలు ప్రింటు తీయించి, బ్యారన్ గోడకు అంటించాడు. నూట నలభై పాటలు, నాలుగు కాగితాలు. కాపలాకు వచ్చిన కూలీలు వేలుపెట్టి చూపించి "అది పెట్టయ్యా" అంటారట.